తుఫాను నాలుగు రోజుల ముందే తెలుస్తుంది, మరి సునామీ ఎందుకు తెలీదు?

2025 జూలైలో రెండు సంగతులు ఒకదాని వెనక ఒకటి జరిగాయి. జపాన్‌లో ఏదో మాంగా (బొమ్మల కథల) పుస్తకంలో ముందే రాసుందట, జూలై 5న ఘోరమైన విపత్తు వస్తుందట అని ప్రచారం లేచింది, అది నమ్మి టూర్లు క్యాన్సిల్ చేసుకున్నవాళ్లు కూడా ఉన్నారు, తీరా ఆ రోజు ఏమీ జరగలేదు. తర్వాత జూలై 30న రష్యా తూర్పు కొసన కమ్చట్కా దగ్గర సముద్రంలో 8.8 మాగ్నిట్యూడ్‌తో భూకంపం వచ్చింది, పసిఫిక్ చుట్టూ సునామీ హెచ్చరికలు మోగాయి, జపాన్‌లో లక్షల మందిని ఎత్తయిన చోట్లకి వెళ్లమన్నారు. అంతే, "చూశారా, తేదీ కాస్త అటూ ఇటూ అయినా చెప్పినట్టే జరిగింది" అని మళ్లీ మొదలు.

ఇలాంటప్పుడు మన కోస్తా వైపు వాళ్లు అడిగే ప్రశ్న ఇంకోటుంది, నిజానికి చాలా న్యాయమైన ప్రశ్న. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిన దగ్గర్నుంచి అది వాయుగుండం ఎప్పుడవుతుంది, తుఫానుగా ఎప్పుడు మారుతుంది, కాకినాడ దగ్గర దాటుతుందా బాపట్ల దగ్గర దాటుతుందా అని నాలుగు రోజుల ముందు నుంచీ టీవీలో చెప్తూనే ఉంటారు కదా, సముద్రంలోంచే వచ్చే సునామీ గురించి ఒక్క రోజు ముందైనా ఎందుకు చెప్పలేరు? దీనికి జవాబు తెలియాలంటే మూడు వేర్వేరు ప్రశ్నల్ని విడదీసుకోవాలి: ఫలానా రోజు భూకంపం వస్తుందని చెప్పగలరా, ఫలానా చోట రాబోయే దశాబ్దాల్లో వచ్చే అవకాశం ఎంతో చెప్పగలరా, భూకంపం వచ్చేశాక దానివల్ల సునామీ వస్తుందో రాదో చెప్పగలరా. మూడింటికీ జవాబులు వేరు, కానీ వార్తల్లోనూ ఫార్వర్డ్‌లలోనూ మూడూ కలిసిపోయి తిరుగుతుంటాయి.

ఉప్పెన వేరు, సునామీ వేరు

1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన గురించి కృష్ణా జిల్లాలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు, పది వేల మందికి పైగా పోయారు. అది సునామీ కాదు. తుఫాను గాలి సముద్రం పైనున్న నీళ్లని గంటల తరబడి ఒడ్డు వైపు నెట్టుకుంటూ రావడం వల్ల లేచిన నీరు అది. తుఫాను గాలిలో పుడుతుంది, రోజుల తరబడి నెమ్మదిగా బలపడుతుంది, శాటిలైట్‌కి కళ్లముందే కనిపిస్తుంది. అంటే మనం ముందే చెప్తున్నాం అనుకునేది నిజానికి అప్పటికే పుట్టి కదులుతున్నదాన్ని గమనించి దారి చెప్పడం.

సునామీకి కారణం భూమి లోపల, సముద్రం అడుగుకి కూడా కొన్ని కిలోమీటర్ల కింద ఉంటుంది. అక్కడ ఏం జరుగుతోందో చూసే శాటిలైట్ లేదు. పుట్టేది కూడా నిమిషాల్లో. కాబట్టి తుఫానుతో పోల్చాలంటే, సునామీ కూడా పుట్టాక దారి చెప్పగలిగినదే, కాకపోతే దానికి దొరికే టైం రోజుల్లో ఉండదు, నిమిషాల్లోనో ఒకట్రెండు గంటల్లోనో ఉంటుంది.

సముద్రం అడుగున అసలేం జరుగుతుంది

భూమి పైపొర ఒకే ముక్కగా లేదు, పెద్ద పెద్ద పలకలుగా ఉంది, వాటినే ప్లేట్లు అంటున్నాం. ఇవి ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున కదులుతుంటాయి. బంగాళాఖాతం అడుగునున్న ఇండియన్ ప్లేట్, అండమాన్ నుంచి నికోబార్ మీదుగా సుమత్రా దాకా ఉన్న పొడవాటి గీత వెంబడి, తూర్పు పక్కనున్న బర్మా ప్లేట్ కిందికి దూరుతోంది. దూరడం అంటే సాఫీగా జారిపోవడం కాదు. రెండు ప్లేట్లూ ఒరుసుకునే చోట రాయికి రాయి బిగుసుకుపోతుంది, కింది ప్లేట్ మాత్రం ఆగదు, అది పై ప్లేట్ అంచుని కూడా తనతో పాటు కిందికీ వెనక్కీ లాక్కుపోతూ ఉంటుంది, పై ప్లేట్ మెల్లగా వంగుతూ ఉంటుంది. ఇలా వందల ఏళ్లు.

ఒకరోజు ఆ పట్టు తెగుతుంది. అన్నేళ్లుగా వంగి ఉన్న అంచు ఒక్కసారిగా పైకీ ముందుకీ లేస్తుంది, దాని వెనకాల భాగం కిందికి దిగుతుంది. మనకి భూకంపంగా తెలిసే కుదుపు ఆ రాయి తెగడం. సునామీకి కారణం మాత్రం ఆ కుదుపు కాదు, సముద్రం అడుగు శాశ్వతంగా పైకో కిందికో జరగడం. ఈ రెండింటికీ ఉన్న తేడా పట్టుకుంటే తర్వాత చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

2004 డిసెంబర్ 26 ఉదయం మన టైం ప్రకారం 6 గంటల 28 నిమిషాలకి సుమత్రా ఉత్తర కొస పడమటి పక్కన ఈ తెగడం మొదలైంది, అక్కడితో ఆగకుండా ఉత్తరంగా నికోబార్, అండమాన్ కిందుగా దాదాపు 1,200 కిలోమీటర్లకి పైగా చీలుకుంటూ పోయింది, దానికి పట్టిన టైం ఎనిమిది నుంచి పది నిమిషాలు. మాగ్నిట్యూడ్ 9.1. నేల ఎలా జరిగిందో చూడాలంటే ద్వీపాలే సాక్ష్యం: గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన ఇందిరా పాయింట్ దగ్గర భూమి 4 మీటర్లకి పైగా దిగిపోయి, అక్కడి లైట్‌హౌస్ మొదలు నీళ్లలోకి వెళ్లిపోయింది. అదే రోజు ఉత్తర అండమాన్ వైపు భూమి పైకి లేచింది, ఎప్పుడూ నీళ్ల కింద ఉండే పగడపు దిబ్బలు పోటు నీరు కూడా అందనంత ఎత్తుకి వచ్చి, ఎండకి తెల్లబడి చచ్చిపోయాయి. ఒకే భూకంపం, ఒక చోట నేల మునిగింది, ఇంకో చోట తేలింది.

లేచిన నీళ్లు ఎన్ని టీఎంసీలు?

సముద్రం అడుగు ఒక మీటరు లేస్తే ఏమవుతుందిలే అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. 100 కిలోమీటర్ల పొడవు, 50 కిలోమీటర్ల వెడల్పు ఉన్న ముక్క ఒక్క మీటరు పైకి లేచిందనుకోండి, ఇది 2004 నాటిదానితో పోలిస్తే చాలా చిన్న ముక్క. దాని మీదున్న నీళ్లన్నీ కూడా ఒక మీటరు లేస్తాయి, ఎందుకంటే అంత పెద్ద మేర నీరు పక్కకి జారిపోడానికి టైం ఉండదు. అలా మామూలు మట్టం కన్నా పైకి వచ్చిన నీరు 5 ఘన కిలోమీటర్లు, మన లెక్కలో చెప్పాలంటే దాదాపు 177 టీఎంసీలు. శ్రీశైలం డ్యామ్ నిండితే 215 టీఎంసీలు. అంటే శ్రీశైలంలో పట్టేదానికన్నా సుమారు 18 శాతం మాత్రమే తక్కువ నీరు, కొన్ని నిమిషాల్లో, సముద్రం నడిమధ్య గుట్టలా పైకి వచ్చి ఉంది. అది అలా నిలబడి ఉండలేదు కదా, కిందికి పడి రెండు వైపులకీ పరుగెడుతుంది. అదే సునామీ.

మామూలు కెరటంతో దీనికి పోలికే లేదు. గాలికి లేచే కెరటంలో పైపై నీళ్లే కదులుతాయి, కొన్ని పదుల మీటర్ల లోతుకి పోతే ప్రశాంతం. సునామీలో అడుగు నుంచి పైదాకా ఉన్న నీరంతా కదులుతుంది. ఒక అల నుంచి ఇంకో అలకి మధ్య దూరం వంద కిలోమీటర్లు, అంతకన్నా ఎక్కువ కూడా ఉండొచ్చు, ఒక అల వచ్చాక ఇంకోటి రావడానికి పది నిమిషాల నుంచి గంట దాకా పట్టొచ్చు. మొదటిది వెళ్లిపోయింది కదా అని సామాన్లు తెచ్చుకోడానికి వెనక్కి దిగినవాళ్లు రెండో అలకో మూడో అలకో దొరికిపోవడం దాదాపు ప్రతి సునామీలోనూ జరుగుతూనే ఉంది.

లోతులో ఉన్నప్పుడు వేగం, ఒడ్డుకొచ్చేసరికి ఎత్తు

సునామీ ఎంత స్పీడుగా పోతుందో చెప్పడానికి ఒక్క లోతు తెలిస్తే చాలు. లోతుని మీటర్లలో తీసుకుని 9.8తో గుణించి వర్గమూలం తీస్తే సెకనుకి ఎన్ని మీటర్లో వచ్చేస్తుంది. బంగాళాఖాతం సగటు లోతు 2,600 మీటర్లు అనుకుందాం, లెక్క కడితే సెకనుకి 160 మీటర్లు, అంటే గంటకి 575 కిలోమీటర్లు. ఒడ్డు దగ్గరికొచ్చి లోతు 50 మీటర్లయితే వేగం గంటకి 80 కిలోమీటర్లకి పడిపోతుంది. 10 మీటర్ల లోతులో 36 కిలోమీటర్లు. అప్పటికీ ఇసకలో పరుగెత్తే మనిషి కన్నా ఎక్కువే.

ముందున్న నీరు నెమ్మదించింది, వెనక నుంచి వచ్చే నీరు ఇంకా లోతులోనే ఉంది కాబట్టి వేగంగా వస్తోంది, ఇంక అది ముందుకి పోలేక ఎత్తుకి లేస్తుంది. ఎంత లేస్తుందో కూడా ఉజ్జాయింపుగా లెక్క ఉంది: 2,600 మీటర్ల లోతు 10 మీటర్లకి తగ్గితే లోతు 260 రెట్లు తగ్గినట్టు, ఆ 260కి వర్గమూలం తీసి దానికి మళ్లీ వర్గమూలం తీస్తే సుమారు 4 వస్తుంది, అల ఎత్తు అన్ని రెట్లు పెరుగుతుంది. 2004లో భూకంపం వచ్చిన రెండు గంటలకి జేసన్-1 అనే శాటిలైట్ అనుకోకుండా బంగాళాఖాతం మీదుగా వెళ్తూ ఆ అలని కొలిచింది, నడిసముద్రంలో దాని ఎత్తు దాదాపు 60 సెంటీమీటర్లే. మన లెక్కలో అది ఒడ్డు దగ్గరికి రెండున్నర మీటర్ల దాకా అవుతుంది. ఇదంతా తిన్నటి ఒడ్డుకి, ఒడ్డు వంపు తిరిగి ఉంటే, అఖాతం గరాటులా ఉంటే ఇంకా లేస్తుంది, సుమత్రాలో ఆచే తీరాన కొన్ని చోట్ల నీరు 30 మీటర్ల ఎత్తు దాకా ఎక్కింది.

అందుకే నడిసంద్రంలో వేటకి వెళ్లిన పడవలో ఉన్నవాళ్లకి సునామీ కింద నుంచి వెళ్లినా తెలీదు. 60 సెంటీమీటర్ల ఎత్తు అన్ని కిలోమీటర్ల మేర, పావుగంటో అరగంటో తీసుకుని లేచి దిగితే ఎవరికి తెలుస్తుంది?

మన తీరానికి రెండున్నర గంటలు

అండమాన్ నుంచి మచిలీపట్నం వైపు సముద్రం మీద దూరం సుమారు 1,300 కిలోమీటర్లు. పైన వేసుకున్న 575తో భాగిస్తే రెండుంపావు గంటలు, ఒడ్డు దగ్గర నెమ్మదిస్తుంది కాబట్టి ఇంకో పావుగంట కలుపుకోండి. ఆ రోజు నిజంగా జరిగింది కూడా దాదాపు ఇదే, తొమ్మిది గంటలప్పుడు చెన్నైకీ వైజాగ్‌కీ నీళ్లు చేరాయి. ఆదివారం, పౌర్ణమి. మచిలీపట్నం దగ్గర మంగినపూడి బీచ్‌లో పౌర్ణమి స్నానాలకి దిగినవాళ్లని అలలు లాక్కుపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోయినవాళ్లు వంద మందికి పైగా, తమిళనాడులో దాదాపు ఎనిమిది వేలు, అందులో ఎక్కువ మంది ఒక్క నాగపట్నం జిల్లాలోనే. మొత్తం 14 దేశాల్లో రెండు లక్షల ఇరవై వేల మందికి పైగా చనిపోయారు. నాకు ఇప్పటికీ మింగుడు పడనిది ఏంటంటే, భూకంపం వచ్చిందన్న సంగతి అప్పటికి ప్రపంచంలో ఎన్నో పరికరాలకి తెలుసు. రెండున్నర గంటలు చేతిలో ఉన్నాయి. మంగినపూడి బీచ్‌కి ఆ కబురు చేర్చే ఏర్పాటు ఒక్కటీ లేదు.

తమిళనాడుకీ మనకీ నష్టంలో అంత తేడా ఎందుకంటే, పొడవాటి గీతలా చీలినప్పుడు నీటి బలమంతా ఆ గీతకి అడ్డంగా పోతుంది, గీత రెండు కొసల వైపు తక్కువ పోతుంది. 2004 చీలిక దక్షిణం నుంచి ఉత్తరానికి ఉంది కాబట్టి బలం తూర్పుకీ పడమరకీ పోయింది, అంటే థాయ్‌లాండ్ ఒక పక్క, శ్రీలంక, తమిళనాడు ఇంకో పక్క. ఉత్తరాన ఉన్న బంగ్లాదేశ్‌లో పోయినవాళ్లు ఇద్దరే. మన కోస్తాలో ఉత్తరానికి వెళ్లే కొద్దీ దెబ్బ తగ్గింది.

"సముద్రం వెనక్కి వెళ్తే సునామీ వస్తున్నట్టు" అనే మాటలోని లొసుగు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. గీతకి ఏ పక్క నేల దిగిందో ఆ పక్కకి ముందు పల్లం వెళ్తుంది, థాయ్‌లాండ్‌లో అందుకే ముందు సముద్రం వెనక్కి పోయింది. నేల లేచిన వైపుకి, అంటే ఇండియా, శ్రీలంక వైపుకి, ముందు ఎత్తు అల వచ్చింది. వెనక్కి పోతే పరుగెత్తాల్సిందే, అందులో సందేహం లేదు, కానీ వెనక్కి పోలేదు కదా అని నిలబడి చూడకూడదు.

పెద్ద భూకంపం అయినా సునామీ రాకపోవచ్చు, చిన్నదానికి రావొచ్చు

2012 ఏప్రిల్ 11న మళ్లీ సుమత్రా దగ్గరే 8.6 మాగ్నిట్యూడ్ భూకంపం, దాని వెనకే 8.2 ఇంకోటి. చెన్నైలో ఆఫీసుల్లోంచి జనం రోడ్ల మీదికి వచ్చేశారు, హెచ్చరికలూ వెళ్లాయి. చివరికి వచ్చింది చిన్న అలలే. కారణం, ఈసారి ప్లేట్ కిందికి దూరే చోట కాదు, ప్లేట్ లోపలే రెండు ముక్కలు పక్కపక్కకి జరిగాయి. నేల అడ్డంగా జరిగితే పైనున్న నీరు లేవదు. 2005 మార్చి 28న నియాస్ ద్వీపం దగ్గర వచ్చిన 8.6 సంగతి ఇంకోలా ఉంది, అక్కడ నేల పైకే లేచింది గానీ, లేచిన భాగంలో చాలావరకు ద్వీపాల కింద, లోతు లేని నీళ్ల కింద ఉంది, ఎత్తడానికి పైన నీరే తక్కువ.

ఈ రూలు విని "అడ్డంగా జరిగితే భయం లేదు" అనుకుంటే 2018 సెప్టెంబర్ 28న ఇండోనేషియాలోని పాలు నగరం గుర్తుకు రావాలి. అక్కడ భూకంపం 7.5, అదీ అడ్డంగా జరిగే రకమే, అయినా సన్నటి అఖాతంలో నీటి అడుగున మట్టి చరియలు కూడా జారిపడి నిమిషాల్లో సునామీ ఊరిని కొట్టింది. అసలు ప్రమాదకరమైన రకం ఇంకోటుంది: నేల నెమ్మదిగా, మెత్తగా ఊగుతుంది, పెద్దగా భయం వేయదు, కానీ సముద్రం అడుగు మాత్రం బోలెడంత జరుగుతుంది. 1896లో జపాన్ సన్రికు తీరంలో అలా వచ్చింది, ఊగింది కొంచెమే కదా అని జనం పట్టించుకోలేదు, 22,000 మంది పోయారు. ఇలాంటివాటిని "సునామీ భూకంపాలు" అని 1972లో హిరూ కనమోరి అనే భూకంప శాస్త్రవేత్త విడదీసి చెప్పాడు. 2010 అక్టోబర్‌లో సుమత్రా దగ్గర మెంతవాయి ద్వీపాల్లో నాలుగు వందల మందికి పైగా పోయింది ఇలాంటి భూకంపానికే.

అంటే మాగ్నిట్యూడ్ ఒక్కటే చూసి సునామీ వస్తుందో రాదో తేల్చలేం. ఎంత లోతులో తెగింది, ఏ దిక్కుకి జరిగింది, పైన ఎంత నీరుంది, ఒడ్డు ఆకారం ఏంటి, ఇవన్నీ కావాలి, అన్నీ నిమిషాల్లో కావాలి.

తేదీ చెప్పగలరా?

ఇప్పటిదాకా ఏ దేశమూ, ఏ పద్ధతిలోనూ, తేదీ, చోటు, మాగ్నిట్యూడ్ మూడూ కలిపి నమ్మకంగా చెప్పలేకపోయింది. ప్రయత్నం చేయక కాదు. కాలిఫోర్నియాలో పార్క్‌ఫీల్డ్ అనే ఊరు ఉంది, అక్కడ 1857, 1881, 1901, 1922, 1934, 1966లలో దాదాపు ఒకే సైజు భూకంపాలు వచ్చాయి, సగటున 22 ఏళ్లకొకటి. లెక్క ఇంత శుభ్రంగా ఉంది కాబట్టి తర్వాతది 1993 లోపు వస్తుందని అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్తలు అధికారికంగా చెప్పి, ఊరి చుట్టూ పరికరాలు పెట్టుకుని కూర్చున్నారు. అది వచ్చింది 2004 సెప్టెంబర్ 28న. అన్ని పరికరాలు పెట్టినా, వచ్చే ముందు పనికొచ్చే సంకేతం ఏదీ వాటికి దొరకలేదు.

చైనాలో 1975 ఫిబ్రవరిలో హైచెంగ్ భూకంపానికి ముందు చిన్న చిన్న ప్రకంపనలు వరసగా రావడం చూసి జనాన్ని ఖాళీ చేయించారు, చాలా ప్రాణాలు నిలబడ్డాయి, ఇదిగో సాధ్యమే అన్నారు. మరుసటి ఏడాది జూలైలో తాంగ్షాన్‌లో అలాంటి ముందు ప్రకంపనలేవీ లేకుండా వచ్చింది, రెండు లక్షల నలభై వేల మందికి పైగా పోయారు.

ముందు వచ్చే ప్రకంపనలతో అసలు చిక్కు ఇదే. 2011 మార్చి 9న జపాన్ ఈశాన్య తీరం దగ్గర 7.3 వచ్చింది, దాన్నే పెద్ద భూకంపం అనుకున్నారు. రెండు రోజులకి, మార్చి 11న, 9.0 వచ్చాక తెలిసింది మొదటిది ముందు ప్రకంపన అని. కమ్చట్కాలో కూడా 8.8 రావడానికి పది రోజుల ముందు 7.4 వచ్చింది. కానీ ఏటా పదికి పైగా వచ్చే 7 మాగ్నిట్యూడ్ భూకంపాల్లో చాలావాటి తర్వాత అంతకన్నా పెద్దది ఏదీ రాదు. ఏది ముందుమాటో ఏది మొత్తం కథో ఆ క్షణాన తేల్చే గుర్తు ఇంతవరకు దొరకలేదు.

శాస్త్రవేత్తల్లోనూ రెండు అభిప్రాయాలున్నాయి. రాబర్ట్ గెల్లర్ లాంటివాళ్లు 1997లోనే రాశారు, చిన్న భూకంపమైనా పెద్ద భూకంపమైనా ఒకేలా మొదలవుతుంది, అది ఎక్కడ ఆగుతుందో ఆ రాయికే "తెలీదు", కాబట్టి ముందే చెప్పడం అనే పని కుదిరేది కాదు అని. ఇంకో పక్కవాళ్లు, లేదు, పెద్ద తెగుడుకి ముందు ఆ చోట రాయి చాలా నెమ్మదిగా జారడం మొదలవుతుంది, సరిగ్గా చూస్తే పట్టుకోవచ్చు అంటారు, 2011 జపాన్, 2014 చిలీ భూకంపాల ముందు అలాంటి జారుడు కనిపించిందని చూపిస్తారు. 2023లో ఇద్దరు ఫ్రెంచ్ పరిశోధకులు పాత పెద్ద భూకంపాల జీపీఎస్ డేటా అంతా కలిపి చూస్తే రెండు గంటల ముందు నుంచి కదలిక కనిపిస్తోందన్నారు, అది నేల కదలిక కాదు జీపీఎస్‌లోని తప్పుల వల్ల వచ్చిందని వేరేవాళ్లు గట్టిగా ప్రశ్నించారు. ఒకవేళ అది నిజమే అయినా, అంత డేటా కలిపితే తప్ప కనపడనంత బలహీనమైనది, ఒక్క చోట కూర్చుని చూసేవాళ్లకి అందదు. నా మటుకు నాకు రెండో వర్గం వెతుకులాట ఆపకూడదనే అనిపిస్తుంది, కానీ దాని మీద ఆధారపడి ఈ రోజు ఎవరూ ఊరు ఖాళీ చేయించలేరు.

పౌర్ణమి, అమావాస్యల మాట మన దగ్గర బాగా వినిపిస్తుంది, 2004లో పౌర్ణమి కావడంతో అది ఇంకా గట్టిపడింది. 2011 మార్చి 11 పౌర్ణమీ కాదు అమావాస్యా కాదు, 2025 జూలై 30 కూడా అంతే. చంద్రుడి ఆకర్షణ ఎక్కువగా ఉన్నప్పుడు చిన్న ప్రకంపన పెద్దదిగా మారే అవకాశం కొద్దిగా పెరుగుతుందని 2016లో ఒక జపాన్ పరిశోధన చెప్పింది, కాబట్టి పూర్తిగా కొట్టిపారేయలేం గానీ, నెలకి రెండుసార్లు వచ్చే రోజుల్ని చూపించి ఏ తీరాన్ని ఖాళీ చేయిస్తాం? కుక్కలు, పాములు, ఏనుగుల సంగతీ అంతే, భూకంపం వచ్చాక "ముందు రోజు మా కుక్క ఏడ్చింది" అని గుర్తొస్తుంది, భూకంపం రాని రోజు కుక్క ఏడిస్తే ఎవరూ రాసిపెట్టుకోరు.

తేదీ తెలియకపోయినా తెలిసేది

తేదీ చెప్పలేరంటే ఏమీ తెలియదని కాదు. ప్లేట్ ఏడాదికి 5 సెంటీమీటర్లు దూరుతూ, అంచు పూర్తిగా బిగుసుకుని ఉంటే, 400 ఏళ్లలో 20 మీటర్ల జరుగుడు బాకీ పడుతుంది. జీపీఎస్ పెట్టి ఎక్కడ బిగుసుకుందో ఎక్కడ జారుతోందో చూస్తారు, తీరంలో తవ్వి పాత సునామీలు వదిలిన ఇసక పొరల్ని లెక్కపెడతారు. థాయ్‌లాండ్‌లో ఫ్రా థాంగ్ ద్వీపంలో తవ్వితే 2004 ఇసక పొర కింద అలాంటిదే ఇంకోటి దొరికింది, 550 నుంచి 700 ఏళ్ల కిందటిది. ఆచేలో ఒక సముద్రపు గుహలో గబ్బిలాల రెట్ట పొరలకీ ఇసక పొరలకీ మధ్య కనీసం పదకొండు సునామీల గుర్తులున్నాయి, 7,400 ఏళ్ల నుంచి 2,900 ఏళ్ల కిందటి వరకు. వాటి మధ్య ఎడం చూస్తేనే ఈ లెక్క ఎంత కష్టమో తెలుస్తుంది, ఒకసారి రెండు వేల ఏళ్లు ఏమీ లేదు, ఇంకోసారి వందేళ్లలోనే వరసగా వచ్చాయి. "2004లో వచ్చేసింది కదా, ఇంక మన జన్మలో రాదు" అనేవాళ్లు ఈ గుహ సంగతి వినాలి.

జపాన్‌ అయితే ఇలాంటి లెక్కల్ని శాతాల్లో చెప్తుంది. దక్షిణ తీరంలో నన్కై అనే చోట రాబోయే 30 ఏళ్లలో పెద్ద భూకంపం వచ్చే అవకాశం 70 నుంచి 80 శాతం అని 2024 నాటికి అక్కడి ప్రభుత్వ అంచనా. ఆ ఏడాది ఆగస్టు 8న దాని పక్కనే 7.1 వచ్చింది, వెంటనే ఒక వారం పాటు జాగ్రత్తగా ఉండండని మొట్టమొదటిసారి ప్రకటించారు, వారం తర్వాత ఎత్తేశారు. దాన్ని మన దగ్గర కొన్ని చోట్ల "జపాన్‌లో వారంలో మహా భూకంపం" అని చెప్పారు. వాళ్లు చెప్పింది అది కాదు, మామూలు రోజుల కన్నా అవకాశం పెరిగింది, అయినా రాకపోవడానికే ఎక్కువ వీలుంది, బ్యాగు సర్దుకుని పెట్టుకోండి అని.

భూకంపం వచ్చిన క్షణం నుంచి

ఇక్కడి నుంచి మాత్రం సైన్స్ చేతిలో నిజంగా బలముంది. భూకంప తరంగాలు రాయిలో సెకనుకి కిలోమీటర్ల లెక్కన పోతాయి, సునామీ సెకనుకి మీటర్ల లెక్కన వస్తుంది. ఆ తేడాయే మనకి దొరికే టైం. 2004 తర్వాత మన దేశం పెట్టుకున్న సునామీ హెచ్చరిక కేంద్రం సముద్రానికి అంత దూరంగా హైదరాబాద్‌లో, ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థలో ఉంది, 2007 అక్టోబర్ 15న మొదలైంది, హిందూ మహాసముద్రంలోని దేశాలకి సలహా పంపే మూడు కేంద్రాల్లో ఇదొకటి, మిగతా రెండు ఆస్ట్రేలియా, ఇండోనేషియా.

సముద్రంలో 6.5కి మించి, లోతు ఎక్కువ లేని భూకంపం వస్తే వీళ్ల పని మొదలవుతుంది. ముందే వేల రకాల భూకంపాలకి అల ఎంత ఎత్తు, ఏ ఊరికి ఎన్ని నిమిషాలు అని కంప్యూటర్‌లో లెక్క కట్టి దాచి ఉంచుతారు, వచ్చినదానికి దగ్గరగా ఉన్నదాన్ని తీసి చూస్తారు. తర్వాత సముద్రం అడుగున పెట్టిన ప్రెజర్ సెన్సర్లు, పైన తేలే పరికరాల ద్వారా కబురు పంపుతాయి, కిలోమీటర్ల లోతులో ఉండి కూడా పైన నీటి మట్టం సెంటీమీటరు లేచినా పట్టేస్తాయి. అల నిజంగా ఉందో లేదో తేల్చేది అవే. గంట కన్నా ఎక్కువ దూరంలో ఉన్న తీరానికి ఈ రుజువు చూసి చెప్పొచ్చు, మన కోస్తా అంతా ఈ కోవలోకే వస్తుంది. కమ్చట్కా భూకంపం రోజు ఇండియాకి ప్రమాదం లేదని త్వరగా చెప్పగలిగింది ఇలాంటి ఏర్పాటు ఉండబట్టే.

లొసుగులు లేవా అంటే ఉన్నాయి, అన్నిటికన్నా పెద్దది మొదటి అంచనా. 2004లో హవాయిలోని పసిఫిక్ సునామీ హెచ్చరిక కేంద్రం పావుగంటలో చెప్పిన మాగ్నిట్యూడ్ 8.0, అసలు 9.1. 2011లో జపాన్ వాతావరణ సంస్థ మూడు నిమిషాల్లో చెప్పినది 7.9, అసలు 9.0. రెండు చోట్లా తేడా 1.1, వినడానికి చిన్నదే, కానీ ఈ స్కేలు మీద ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి 32 రెట్లు, 1.1కి దాదాపు 45 రెట్లు. రెండుసార్లూ అసలు దానిలో నలభై అయిదో వంతు దాన్ని చూసి నిర్ణయాలు తీసుకున్నారు. కారణం కూడా ఒకటే, తెగడమే నిమిషాల తరబడి సాగుతుంటే, మొదటి కొద్ది నిమిషాల తరంగాలు చూసి మొత్తం సైజు తెలీదు, పైగా వెంటనే లెక్క కట్టే పాత పద్ధతులు 8 దాటాక చేతులెత్తేస్తాయి. జపాన్‌లో దాని ఫలితం దారుణం: ఇవాతె తీరానికి ముందు 3 మీటర్లు అన్నారు, మా గోడ అంతకన్నా ఎత్తే కదా అని ఆగిపోయినవాళ్లున్నారు, దాదాపు ముప్పావు గంటకి 10 మీటర్లకి పైగా అని సవరించేసరికి కరెంటు పోయి చాలామందికి ఆ మాట చేరనేలేదు. అందుకే 2013 నుంచి అక్కడ మరీ పెద్ద భూకంపాలకి మొదట మీటర్లు చెప్పడం మానేసి, "చాలా భారీ" అని మాటల్లో చెప్తున్నారు. తీరం వెంట సముద్రం అడుగున 5,500 కిలోమీటర్లకి పైగా కేబుల్‌తో 150 సెన్సర్ స్టేషన్లు కూడా పరిచారు.

కేంద్రం చెప్పేదాకా ఆగలేని చోట్లు

నికోబార్‌కి మన లెక్క పనికిరాదు. చీలిక వాళ్ల కాళ్ల కిందే ఉంది, అల చేరడానికి పట్టేది కొన్ని నిమిషాలే. అందుకే గంట లోపు దూరంలో ఉన్న తీరాలకి సెన్సర్ రుజువు కోసం చూడకుండా ఒక్క భూకంపం వివరాలతోనే హెచ్చరిక ఇచ్చేస్తారు, అలా ఇచ్చినవాటిలో కొన్ని ఉత్తుత్తివి అవుతాయి, అది తప్పించుకోలేనిది. భూకంపమే లేని సునామీలు ఇంకా కష్టం. 2018 డిసెంబర్ 22 రాత్రి అనక్ క్రకటావ్ అగ్నిపర్వతం ఒక పక్క విరిగి సముద్రంలో పడింది, నాలుగు వందల మందికి పైగా పోయారు, భూకంపం చూసి మోగే వ్యవస్థ మోగలేదు.

సుమత్రాకి దగ్గరలోనే సిమెలూ అనే ద్వీపం ఉంది, 2004లో అల అక్కడికి చేరడానికి పట్టింది పది నిమిషాల లోపే. దాదాపు 78,000 జనాభాలో చనిపోయింది ఏడుగురు. 1907లో ఒకసారి సునామీ వచ్చి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాక, భూమి గట్టిగా ఊగితే కొండెక్కెయ్యాలి అని అవ్వలు మనవళ్లకి చెప్తూ వచ్చారు, ఆ మాటకి వాళ్ల భాషలో స్మాంగ్ అని పేరు. ఏ సైరనూ లేదు, ఫోనూ లేదు.

మన కోస్తాకి ఈ పద్ధతి అలాగే పనికిరాదు, ఎందుకంటే 1,300 కిలోమీటర్ల అవతల భూమి ఊగితే ఇక్కడ ఫ్యాన్ కూడా కదలకపోవచ్చు. మనకి హైదరాబాద్ నుంచి బయల్దేరిన మెసేజ్ రాష్ట్రానికి, జిల్లాకి, అక్కడి నుంచి రేవులో వలలు సర్దుకునేవాళ్ల దాకా రెండు గంటల్లో చేరడమే ముఖ్యం. ఆ చివరి మెట్టు కోసమే యునెస్కో "సునామీ రెడీ" అనే గుర్తింపు పెట్టింది: ఊరికి మునిగే మేర చూపించే మ్యాప్ ఉండాలి, పారిపోయే దారికి బోర్డులుండాలి, రాత్రయినా పగలైనా హెచ్చరిక అందుకునే ఏర్పాటుండాలి, డ్రిల్ చేయాలి. దేశంలో మొదట 2020లో దాన్ని తెచ్చుకున్నవి ఒడిశా తీరంలోని రెండు పల్లెలు, వెంకట్రాయిపూర్, నోలియాసాహి.